నడుముకు కట్టిన విత్తనాలు

తెల్లవారేసరికే అనాజాన్ తందూరి పొయ్యి రాజేసి రొట్టెలు లోపలి గోడకు అంటిస్తోంది. ఎప్పుడూ చకచకా పనిచేసే పిల్ల, ఇవాళ ఒక చెయ్యి పొట్ట మీదే ఉంచుకుని మెల్లగా వంగుతోంది. మూడు రోజులు ఊరెళ్ళి రాత్రే తిరిగొచ్చి, అరుగు మీద టీ తాగుతున్న మామగారు మత్‌యాకూబ్ అది చూసి, మనవడో మనవరాలో అని లోలోపల మురిసిపోయాడు.

"నెమ్మదమ్మా! రొట్టెలు ఎక్కడికీ పారిపోవు."

"పరవాలేదు మామయ్యా," అంది ఆమె తల ఎత్తకుండా.

పార కోసం ఆయన ఖర్బూజాల గదిలోకి వెళ్ళాడు. దూలాలకు పండ్లు దాచే రెల్లు ఉట్లు వరుసగా, ఖాళీగా వేలాడుతున్నాయి. భార్య బీకాజాన్ పోయాక ఆ ఉట్లలో ఆవిడ పండించే రకం తప్ప మరే పండూ పెట్టనివ్వలేదు. పోయే ముందు చలికాలంలో ఆవిడ తిన్న చివరి పండు గింజల్ని కడిగి, ఆరబెట్టి, ఆవిడే ముడి వేసిన మూట అక్కడి మేకుకు వేలాడుతూ ఉండేది. రోజూ పొద్దున్నే దాన్ని ఒకసారి తాకితేగాని ఆయనకు పని మొదలయ్యేది కాదు.

ఇవాళ మేకు ఖాళీగా ఉంది.

"మూట ఏది?" బయటికొచ్చి పెరడంతా వినబడేలా అరిచాడు.

అనాజాన్ చేతులకంటిన పిండి దులుపుకుంది. "నా దగ్గరే ఉంది. మీరు ఊరెళ్ళిన రోజే నానబెట్టి, ఒంటి వేడికి మొలకెత్తాలని నడుముకు కట్టుకున్నాను. మూడు రోజులైంది."

"ఎవర్నడిగి? అది మీ అత్తయ్య తన చేత్తో వేసిన ముడి! విప్పడానికి నీకు చేతులెలా వచ్చాయి? సంతలో విత్తనాలే దొరకలేదా?"

"సంతలో అత్తయ్య పండు దొరకదు. ఆ రకం ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు. మూడేళ్ళ విత్తనానికి కాపెక్కువని చెప్పేది మీరేగా! ఇది ఐదో ఏడు. మీరు ముడి చూసుకుంటూ కూర్చుంటే లోపలున్నది చచ్చిపోతుంది మామయ్యా!"

"ఆరబెట్టు. మళ్ళీ కట్టెయ్."

"నానిన గింజ ఆరబెడితే ఏమవుతుందో మీకు నేను చెప్పాలా?"

ఆయనకు తెలుసు. పొయ్యి పక్కన కూలబడ్డాడు. కోడలి గొంతు మెత్తబడింది.

"అత్తయ్యే చెప్పింది. 'మీ మామయ్య దాచుకుని దాచుకుని పాడుచేస్తాడు. మూడేళ్ళు చూడు, ఆపైన ఆయన్ని అడక్కు' అని. మీ ముఖం చూసి నేనే రెండేళ్ళు జంకాను."

ఆమె నడుముకున్న తడి గుడ్డ విప్పింది. నలభై గింజల్లో పదకొండుకు మాత్రం తెల్లటి మొనలు వచ్చాయి. మిగిలినవి మెత్తబడి నల్లగా ఉన్నాయి. మత్‌యాకూబ్ వాటిని వేలితో జరిపి చూశాడు, మళ్ళీ చూశాడు.

"వీటిని నేనే చంపుకున్నానమ్మా," అని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఆ ఇంట్లో ఆయన ఏడవగా కోడలు చూడడం అదే మొదటిసారి.

"పదకొండు చాలు మామయ్యా. రేపు పొద్దున సాళ్ళలో పెడదాం. అప్పటిదాకా వెచ్చగా ఉంటే చాలు."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "నువ్వు పొయ్యి దగ్గర తిరుగుతావు, సెగకు మొనలు మాడిపోతాయి. ఇటివ్వు." చొక్కా ఎత్తి, బీకాజాన్ కట్టుకున్నట్టే, గుడ్డను తన నడుముకు చుట్టుకున్నాడు. ఎన్ని వసంతాలు ఆమెను అలా చూశాడో.

కాలువ దగ్గర నీటి వంతు చూసుకుని వస్తున్న కొడుక్కి, పొట్ట మీద చెయ్యి పెట్టుకుని ఆచితూచి అడుగులేస్తున్న తండ్రి గట్టు మీద ఎదురయ్యాడు.

"ఏంటి నాన్నా, కడుపునొప్పా?"

"కాదురా," అన్నాడు మత్‌యాకూబ్. "మీ అమ్మను మోస్తున్నా."