మిల్లు వంపు దగ్గర రేడియో ఆపెయ్యాలి

మా ఊరి నుంచి పశువుల దొడ్లకి పోయే దారిలో ఒక వంపుంది. వంపు పక్కనే పాడుబడ్డ జిన్నింగ్ మిల్లు. అందులో పత్తి ఆడించడం మానేసి పాతికేళ్ళయింది. పైరేకులు సగం గాలికి ఎగిరిపోయాయి. మిగిలిన సగం రాత్రంతా మూలుగుతుంటాయి. ఆ వంపు దగ్గరికి వచ్చేసరికి మావాళ్ళు ఎవరైనా సరే — రేడియో ఆపేస్తారు.

ఎందుకని అడిగితే ఎవరూ తిన్నగా చెప్పరు. "ఆపెయ్యాలంతే," అంటారు. మరీ గుచ్చి అడిగితే గొంతు తగ్గించి, "నువ్వు ఆపకపోతే… అతను ఆపుతాడు," అంటారు.

అతనంటే నజారియో. రెండేళ్ళ కిందట పత్తి తీతల కాలంలో, రాత్రి పదకొండున్నరకి, అతని ట్రక్కు ఆ వంపులో రోడ్డు దిగి మిల్లు గోడకి కొట్టుకుంది. అక్కడ వాళ్ళమ్మ తెల్లటి కర్ర శిలువ పాతి, ప్లాస్టిక్ పూలు కట్టింది. ఆ తరవాతే మొదలైంది. మిల్లులోంచి పాట వినిపించిందని ఒకడన్నాడు. పాట కాదు, మాటలని ఇంకొకడు. మా చర్చి గంట కొట్టే ముసలాయన అయితే, ఎవరో "అమ్మా" అని పిలిచారని ప్రమాణం చేసి చెప్పాడు.

నేను నమ్మలేదు. లబక్ పట్నం కాలేజీలో నాలుగేళ్ళు భౌతికశాస్త్రం చదివి, ఊరికొచ్చి నలభై ఏళ్ళు రేడియోలు బాగుచేసుకుని బతికినవాణ్ణి. అసలు వాల్వు రేడియోల రోజుల్లో దెయ్యాలు ఇంకా ఎక్కువ ఉండేవి. ఒకావిడ తన వంటపొయ్యి పాటలు పాడుతోందని కబురు పెట్టింది. వెళ్ళి చూద్దును కదా, నిజంగానే పాడుతోంది! పొయ్యి గొట్టం అతుకు తుప్పు పట్టింది, పక్క పొలంలో రేడియో స్టేషను టవరుంది. ఆ తుప్పే రేడియోలా స్టేషన్ని పట్టుకుంటోంది. తుప్పు గీకేసరికి పొయ్యి నోరు మూసుకుంది. ఆవిడ నాకు దండం పెడుతుందనుకుంటే తిట్టిపోసింది. పాటలు బాగుండేవట.

సరే, ఆ సంగతి వదిలెయ్యండి. ఇది డెల్ఫినో చెప్పింది. నా పనిబల్ల ముందు స్టూలు మీద కూర్చుని, కాఫీ ముట్టుకోకుండా చెప్పాడు.

డెల్ఫినో రాత్రిపూట, మాంసం కోసం ఆవుల్ని మేపే ఆ దొడ్లలో పనిచేస్తాడు. సెలవు రోజుల్లో ఇంటి వెనక షెడ్డులో ట్రక్కులకి స్టీరియోలు బిగిస్తాడు. చెయ్యి మంచిది. తొందర ఒకటే చెడ్డది. నజారియో అతనికి చిన్నప్పటి నుంచీ ప్రాణస్నేహితుడు. నజారియో ట్రక్కుకి స్టీరియో బిగించింది కూడా అతనే — చావుకి సరిగ్గా వారం ముందు.

పెద్ద బాక్సులు మోగాలంటే బ్యాటరీ నుంచి వేలంత లావు తీగ లాగాలి. ఇంజనుకీ మనం కూర్చునే చోటుకీ మధ్య రేకు ఉంటుంది కదా, దానికి కంత పెట్టి ఆ తీగని లోపలికి తీసుకోవాలి. కంత అంచు కత్తిలా ఉంటుంది. అందుకని రబ్బరు కట్టు వేసి తీరాలి. లేకపోతే ట్రక్కు అదిరినప్పుడల్లా రేకు తీగని కోస్తుంది. ఏదో ఒకరోజు రాగి రేకుకి తగిలిందా — బండిలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతాయి.

ఆ రోజు డెల్ఫినో డబ్బాలో రబ్బరు కట్టు లేదు. తీగకి రెండు చుట్లు టేపు చుట్టి, "రేపు వేస్తాలేరా," అన్నాడు.

"నీ రేపు నాకు తెలీదా! మా అమ్మకి పెళ్ళిరోజు కేకు తెస్తానని మూడేళ్ళయింది," అని నవ్వి వెళ్ళిపోయాడు నజారియో.

ప్రమాదం జరిగిన మర్నాడు, ఎదురు దారిలో వచ్చిన రైతొకడు పోలీసులకి ఒక మాట చెప్పాడు. "దూరం నుంచి లైట్లు కనిపిస్తున్నాయి. వంపులో… ఉన్నట్టుండి మాయమయ్యాయి."

ఆ మాట డెల్ఫినో చెవిన పడింది. ఇంక అతనికి నిద్రెక్కడిది?

మూడోరాత్రి కంచె దూకి, నుజ్జయిన ట్రక్కు ఉంచిన చోటికి వెళ్ళాడు. కుక్కలకి భయపడి టార్చి వెయ్యలేదు. తడుముకుంటూ ఆ తీగని మొదలంటా కత్తిరించి లాగేశాడు. తీగ ఒక్కటే పోతే అనుమానం వస్తుందని, దొంగల పని అనుకోవాలని, స్టీరియో కూడా పీకి చంకన పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి తీగని చెత్త తగలబెట్టే పీపాలో వేసి కాల్చి, మిగిలిన రాగిని బూడిదతో పారబోశాడు. స్టీరియోని షెడ్డులో గోనెసంచుల కింద దాచాడు.

"మరి రెండేళ్ళు దాచినవాడివి, ఇప్పుడు నీ ట్రక్కులో ఎందుకు బిగించావురా?" అన్నాను.

"దాచినకొద్దీ బరువెక్కింది, ప్రొఫెసరు తాతా. పారేద్దామంటే చెయ్యి రాలేదు. కళ్ళెదురుగా పెట్టుకుంటే తేలికవుతుందేమో అనుకున్నా."

నాలుగు క్లాసులు ఎక్కువ చదివానని ఈ ఊళ్ళో నన్ను ప్రొఫెసరని వెక్కిరిస్తారు లెండి.

బిగించడంలోనూ తొందరే. స్టీరియోకి రెండు తీగలుంటాయి. పసుపుది బ్యాటరీకి పోతుంది. ఎర్రది తాళంచెవి దారిన పోతుంది — చెవి తిప్పితే ఆగాలి కనక. డెల్ఫినో ట్రక్కు పాతది. ఎర్రతీగకి చోటు దొరకలేదు. డ్యూటీ టైమవుతోంది. రెండు తీగలూ మెలిపెట్టి ఒకే చోట, బ్యాటరీకే కలిపేశాడు. మావాళ్ళలో చాలామంది కావాలనే అలా చేస్తారు. బండి ఆపి, వెనక తలుపు దించి, దాని మీద కూర్చుని బీరు తాగుతూ పాటలు వినొచ్చని. పోనీ మీట నొక్కి ఆపుదామా అంటే, ఆ స్టీరియో మీట నజారియో ప్రమాదంలోనే విరిగిపోయింది.

అంటే ఏమిటన్నమాట? ఆ పెట్టెని ఆపే మార్గం ఇంక లేదు.

ఆ సాయంత్రం దొడ్ల దగ్గర బండి నిలిపితే అది లోగొంతుతో అలా పాడుతూనే ఉంది. రాత్రి పదకొండింటికి డ్యూటీ దిగి చూస్తే బ్యాటరీ చచ్చింది.

"ఏరా, సాయంత్రం నుంచీ నా ఆవులకి జోల పాడిస్తున్నావా? రేపు పాలు పిండమంటాయి," అని మేస్త్రీ తన ట్రక్కు పక్కకి తెచ్చి, తీగలు తగిలించి, ఇంజను లేపి పెట్టాడు. "ఇదిగో — దారిలో ఇంజను ఆపావో, నడకే. చెప్తున్నా."

డెల్ఫినో బయల్దేరాడు. గాలి వీస్తోంది. రోడ్డుకడ్డంగా దూది పింజలు దొర్లిపోతున్నాయి. రేడియోలో ఎవరో వాతావరణం చెబుతున్నారు. మిల్లు రేకులు లైట్ల వెలుగులో తళుక్కుమన్నాయి.

వంపు వచ్చింది.

రెండేళ్ళ అలవాటు… వంపు చూడగానే చెయ్యి రేడియో మీదికి పోయింది. మీట లేదు. ఆ చెయ్యే, ఆలోచన లేకుండా, తాళంచెవిని పట్టుకుని — తిప్పేసింది.

ఇంజను ఆగింది. రేడియో ఆగలేదు.

ట్రక్కు దానంతటది దొర్లుకుంటూ పోయి, సరిగ్గా తెల్ల శిలువ పక్కన నిలబడింది. మళ్ళీ చెవి తిప్పాడు. టిక్… టిక్… అంతే. ఇంజను కదల్లేదు.

అప్పుడు వాతావరణం చెబుతున్న గొంతు, మాట మధ్యలో తెగిపోయింది.

నిశ్శబ్దం. రేకుల మూలుగు.

స్టీరియో అద్దం మీద నీలం అక్షరాలు ఒక్కొక్కటే వెలిగాయి — నజారియో.

"నా చేతులు నావి కావు తాతా," అన్నాడు డెల్ఫినో.

ముందు పాట. అకార్డియను, దాని వెనక డోలు. బాక్సులు సరిగ్గా పలుకుతున్నాయో లేదో చూడ్డానికి నజారియో ఎప్పుడూ పెట్టే పాట. సగంలో ఆగింది. తరవాత — గొంతు. పక్క సీట్లో కూర్చుని మాట్లాడినట్టు.

"అమ్మా… ఇంకో అరగంటలో వస్తా. చిక్కుళ్ళు పొయ్యి మీదే ఉంచు…"

డెల్ఫినో గబగబా డోర్లకి గడియలు వేశాడు. స్టీరియోని గుద్దాడు. అంచు పట్టుకుని పీకబోయాడు. తనే బిగించాడు కదా, గట్టిగా బిగించాడు. రాలేదు. వైర్లు అందవు. మొదలు అందుకోవాలంటే కిందికి దిగి, ఇంజను మూత ఎత్తాలి. దిగడమా? ఇక్కడా?

"డెల్ఫినో కట్టిన బాక్సులు అదరగొడుతున్నాయమ్మా! డోలు పడ్డప్పుడల్లా లైట్లు రెప్పవేస్తున్నాయి. రేపు వాడికి చూపిస్తాలే. నిద్రొస్తోంది… నువ్వు పడుకో."

మిల్లు చీకట్లోంచి తెల్లగా ఒక ఆకారం లేచింది.

చేతిలో చిన్న వెలుగు. మెల్లగా… శిలువ దాటి… ట్రక్కు వైపే వస్తోంది. డెల్ఫినో కళ్ళు మూసుకోలేకపోయాడు. డోరు అద్దం మీద ఒక అరచెయ్యి ఆనింది. చిన్నగా ఒక మాట.

"నజారియో?… వచ్చావా?"

అది యుఫేమియా. నజారియో తల్లి. స్కూలు వంటగదిలో పనిచేస్తుంది. ఈ ఊరి పిల్లలందరికీ రొట్టె పెట్టిన చెయ్యి అది. ఆ చేతిలో కొడుకు ఫోను.

సంగతి ఏమిటంటే, ఆ రాత్రి దారిలోంచి కొడుకు పంపిన మాటలు ఆ ఫోన్లోనే ఉన్నాయి; ఇంట్లో పెడితే కూతురు ఏడుస్తోందని, రోజూ ఆ వేళకి మిల్లులో వచ్చి కూర్చుని వింటోంది. ఊరు విన్న దెయ్యం అదే. ఇవాళ మాత్రం ఫోను ఉన్నట్టుండి మూగబోయింది. దాని మాటలు బయట రోడ్డు మీద, ఒక ట్రక్కులోంచి వినిపించాయి. ఆ స్టీరియోకి ఆ ఫోను బ్లూటూత్‌లో పాతచుట్టం. రెండేళ్ళయినా గుర్తుపట్టి, ఫోనుకున్న పేరు అద్దం మీద వేసి, అందులోని పాటా మాటా అందుకుంది. డెల్ఫినో ఎంత బెదిరాడో, ఆవిడెంత బెదిరిందో, మీరే ఆలోచించండి.

డెల్ఫినో డోరు తీశాడు. "పిన్నీ… నేను. డెల్ఫినోని. ఆపేస్తా పిన్నీ, ఎలాగోలా ఆపేస్తా—"

"ఆపకు!" ఆవిడ అతని మణికట్టు పట్టుకుంది. "ఆపకు నాయనా. ఫోన్లో వాడి గొంతు సీసాలో దోమలా ఉంటుంది. ఇక్కడ… మనిషిలా ఉంది."

పక్క సీటెక్కి కూర్చుంది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ. ఇందాక ఆగమంటే ఆగని పెట్టె, ఇప్పుడు ఆగకుంటే బాగుండునని అతనికి అనిపించింది. బ్యాటరీ అడుగంటుతోంది. అద్దం మీద అక్షరాలు మసకబారాయి. నాలుగోసారి, "రేపు వాడికి—" అన్నచోట, టక్కున ఆరిపోయింది.

యుఫేమియా ఫోను వెలుగుని స్టీరియో వైపు తిప్పింది.

"ఈ పెట్టె నీకెక్కడిది?" అందావిడ.

చెప్పాడు. టేపు, కంచె, కుక్కలు, పీపా — అంతా చెప్పాడు.

"రేపు నీ దగ్గరికి వస్తానన్నాడు," అంది యుఫేమియా. "ఆ మాట రోజూ వింటూనే ఉన్నా. నువ్వొచ్చి ఏదో ఒకటి చెబుతావని రెండేళ్ళు చూశా." ఆగి, అడిగింది. "నిద్రొస్తోందని కూడా అన్నాడు కదా. వాడు నిద్రపోయాడా… లైట్లు ఆరిపోయాయా? నువ్వు తీగ లాగావు కదా. కాలి ఉందా?"

"చూళ్ళేదు పిన్నీ. చూడ్డానికి ధైర్యం చాల్లేదు."

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ నా కొట్టుకి వచ్చారు. డెల్ఫినో స్టీరియోని నా బల్ల మీద పెట్టాడు. యుఫేమియా నా చేతులకేసే చూస్తోంది. వైద్యుడి చేతులకేసి చూసినట్టు.

విప్పాను. భూతద్దం పెట్టి చూశాను. పెట్టెలో ఏ లోపమూ లేదు.

"లైట్లు రెప్పవెయ్యడం వేరు, ఆరిపోవడం వేరు కదా తాతా?" అన్నాడు డెల్ఫినో. "డోలు గట్టిగా పడితే ఏ ట్రక్కుకైనా లైట్లు కాస్త కునుకుతాయి కదా? నువ్వు చదువుకున్నవాడివి. చెప్పు."

"వేరేరా. చాలా వేరు. కానీ ఈ పెట్టె ఆ సంగతి చెప్పదు. చెప్పాల్సింది తీగ. రాగి రేకుకి తగిలితే నల్లగా పొక్కి మచ్చ పడుతుంది. తగలకపోతే నున్నగా ఉంటుంది. అది ఉంటే ఐదు నిమిషాల్లో చెప్పేవాణ్ణి."

అతను ఏడవలేదు. ఏడిస్తే బాగుండేది. తన మీద తప్పు లేదని చెప్పగలిగిన సాక్షి లోకంలో అదొక్కటే అయుండొచ్చు. దాన్ని తన చేత్తోనే పీపాలో కాల్చుకున్నాడు. యుఫేమియా అతని కాఫీ గ్లాసు జరిపి అతని చేతికి అందించి, "తాగు. చల్లారిపోయింది," అంది. క్షమించిందో లేదో నాకు తెలీదు. ఆవిడకీ తెలుసనుకోను.

మావాళ్ళు ఇప్పటికీ మిల్లు వంపు దగ్గర రేడియో ఆపేస్తారు. ఈమధ్య నేనూ ఆపేస్తున్నాను. దెయ్యానికి భయపడి కాదు.

రాత్రి పదకొండున్నరకి ఆ శిలువ పక్కన ఒక పాత ట్రక్కు నిలబడి ఉంటుంది. లోపల ఇద్దరు. "అమ్మా… ఇంకో అరగంటలో వస్తా…" అని అద్దాల్లోంచి సన్నగా వినిపిస్తుంది.

డెల్ఫినో ఇంజను మాత్రం ఆపడు.