ఐదో మాట

"రాజమండ్రిలో ఒక పైపు పగలబోతోంది" అన్నాడు చీఫ్. "ఇంకా తయారు కాలేదనుకో."

ఏజెంట్ యుగంధర్ నవ్వలేదు. ధవళేశ్వరం రోడ్డులోని ఓ డిజైన్ ఆఫీసు అణు రియాక్టర్ పైపులకు ఫెటీగ్ అనాలిసిస్ చేస్తోంది. పైపు ఒకసారి వేడెక్కి చల్లారితే ఒక సైకిల్. ప్లాంటు అడిగినన్ని సైకిల్స్ తట్టుకుంటుందో లేదో సాఫ్ట్‌వేర్ లెక్క కడుతుంది. ఆ లెక్కల ఫైల్లో విదేశీ ముఠా మనిషి ఎవరో చెయ్యి పెట్టాడు.

"సాయంత్రం ఐదింటికి రిపోర్టు దానంతటదే ప్లాంటుకు వెళ్తుంది. ముందే ఆపిస్తే మనిషి జారిపోతాడు. ముందు మనిషి, తర్వాత ఫైలు."

ఐదుకు పది నిమిషాలుందనగా యుగంధర్ అక్కడికి చేరేసరికి పని పూర్తయినట్టే ఉంది. నెలరోజులుగా ఆడిటర్ వేషంలో అక్కడే ఉన్న పార్ట్‌నర్ సాయిప్రసన్న అతని చేతికి ఒక కాగితం ఇచ్చింది. గుడ్ ఫ్రైడే నాడు, మధ్యాహ్నం ఒంటిగంటా యాభైకి, సీనియర్ ఇంజనీరు జీవరాజు లాగిన్. పైపు తట్టుకోవాల్సిన ఏడు వేల సైకిల్స్ ఏడు వందలయ్యాయి. అలాగైతే నాసిరకం పైపు కూడా పాసైపోతుంది.

"ఫైలు సరిచేసేశాను. ఈయన్ని తీసుకెళ్దాం పద."

ఆరేళ్ళ పార్ట్‌నర్. కొలంబోలో తూటా తగిలినప్పుడు అతన్ని భుజాన మోసుకొచ్చింది ఆమే. అనుమానించే అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు.

సర్వర్ రూములో జీవరాజు చేతులు కట్టేసి ఉన్నాయి. చొక్కా జేబులో కళ్ళజోడు.

"ఒంటిగంటా యాభైకి ఎక్కడున్నారు?"

"ఐదో మాట మీద ఉన్నానండి."

యుగంధర్ చెవులు నిక్కబొడుచుకున్నాయి. "ఐదో మాట... ఎవరిచ్చిన కోడ్‌వర్డ్?"

జీవరాజు జాలిగా చూశాడు. "కోడేంటండీ బాబూ! గుడ్ ఫ్రైడే నాడు చర్చిలో పన్నెండు నుంచి మూడు దాకా ఆరాధన. సిలువ మీద ప్రభువు పలికిన ఏడు మాటలు ఏడుగురం చెబుతాం. ఐదోది నాది. నాలుగొందల మంది విన్నారండి. ఇద్దరు నిద్రపోయారనుకోండి."

"మీ పాస్‌వర్డ్ ఎవరికైనా ఇచ్చారా?"

"గుడ్ ఫ్రైడేకి ముందొచ్చే మట్టల ఆదివారం ఉంది కదండీ, దాని ముందురోజు ఆడిటర్ మేడమ్‌గారే రాయించుకున్నారండి."

వెనక పిస్టల్ సేఫ్టీ క్లిక్‌మంది.

"సెలవు కదా, ఇంట్లో ఒక్కడే పడుకుని ఉంటాడనుకున్నా" అంది సాయిప్రసన్న. "ఏడు మాటల సంగతి నాకెవరూ చెప్పలేదు."

యుగంధర్ నెమ్మదిగా తిరిగాడు. "అంటే ఫైలు కూడా సరిచేయలేదన్నమాట."

"ఇంకో నిమిషంలో రిపోర్టు వెళ్ళిపోతుంది. కదలకు."

"కొలంబోలో కూడా...?"

"అప్పటికింకా నీ మనిషినే." ఆమె గొంతు ఒక్క క్షణం తడబడింది.

ఆ క్షణం చాలు. యుగంధర్ జేబులోని పెన్ను నొక్కాడు. కళ్ళు చెదిరే ఫ్లాష్! ఆమె పేల్చిన తూటా గోడలో దిగింది. పిస్టల్ లాక్కుంటూ అరిచాడు: "జీవరాజుగారూ, ఏడు వేలు!"

కట్టేసిన చేతులతోనే ఆయన కీబోర్డు మీద వాలాడు. ఏడు పక్కన మూడు సున్నాలు కొట్టి రన్ నొక్కాడు. స్క్రీన్ మీద గీత పాకింది. ఐదుకు రెండు సెకన్లుందనగా ఎర్రక్షరాలు: ఫెయిల్. రిపోర్టు ఆగిపోయింది.

పోలీసుల జీపులోకి ఎక్కుతూ సాయిప్రసన్న ఒకసారి వెనక్కి చూసింది. యుగంధర్ చూడలేదు. అతను జీవరాజు మణికట్ల కట్లు కోస్తున్నాడు.

"ఆదివారం ఆరాధనకు రండి బాబూ" అన్నాడు జీవరాజు మెల్లగా. "మనసు కుదుటపడుతుంది."

"వస్తానండి. నా పక్కన మాత్రం ఎవర్నీ కూర్చోబెట్టకండి."