అమరేందర్ నంబరు

నల్గొండల మూతపడ్డ టాకీసు మీది గదికి పొద్దు గూకినంక ఎవ్వలు ఎక్కరు. ఎక్కినోడు మొకంల నెత్తురుసుక్క లేకుంట దిగుతడు... కిందనే నా చాయ్ బండి. నేనైతే ఎక్కలే తల్లీ, నాకేం పిచ్చా? పోయొచ్చిన నవీన్ చెప్పిన ముచ్చటే మీకు చెప్తున్న.

గా గదిల కేబుల్ నెట్టు సర్వర్ ఉంటది. దాన్ని చూసుకునేటోడు అమరేందర్. బంగారమసొంటి పిలగాడు. కల్వకుర్తి రోడ్డు మీద లారీ గుద్ది పానం పోయింది. పెండ్లాం మల్లిక, నాలుగేండ్ల బిడ్డ శ్రీవాణి వెనక గల్లీలనే ఉంటరు.

తను డ్యూటీల ఉంటే బిడ్డ పండుకోదని, జోలపాట పాడి, రికార్డు చేసి గా సర్వర్ల పెట్టిండు. దానికో ఐపీ నంబరు ఇచ్చిండు, నెట్టుల ఇంటి నంబరసొంటిది. ఫోన్ల గా నంబరు కొడితే పాట వస్తది. వాడు పోయినంక సుత బిడ్డ గది వినే పండుకునేది. "బాపు పైన డ్యూటీల ఉన్నడు, ఆడికెల్లే పాడుతుండు" అని తల్లి అబద్ధమాడేది. నిజం చెప్పనీకి పాపం నోరెట్ల వస్తది? గీ పాట సంగతి మల్లిక ఎవ్వలకు చెప్పలే.

దెయ్యం యాడ పుట్టిందంటే — సచ్చినోని నంబరు తీసెయ్యమని కేబుల్ సేటు పనోళ్లను ఇద్దరిని పంపిండు. తీసుడుతోనే ఊరంత నెట్టు బంద్! మళ్ల పెడితే వచ్చింది. "అమ్మో, వాడు పోతలేడు" అని ఇద్దరు ఉరికిండ్రు.

ఆఖరికి షాద్‌నగర్ నుంచి నెట్టు పని తెలిసిన నవీన్ వచ్చిండు. దీపాలు పెట్టే యాళ్లకు పైకెక్కిండు. గదంత చీకటి... ఫ్యాను గుర్రుమంటాంది. సర్వర్ పెట్టె మీద ఒక్క లైటు — టుక్కు... టుక్కు... తెర మీద చూస్తే, అమరేందర్ నంబరును ఎవ్వలో పిలుస్తున్నరు. పెట్టె జవాబిస్తాంది.

"ఎవ్వలన్న ఉన్నరా...?" గుసగుసగా అడిగిండట.

పెట్టె సెట్టింగు తెరిచిండు. చూసి — నవ్విండు.

నాకు సమజైనంత చెప్త. ఒక్క పెట్టెకు నాలుగు నంబర్లు. ఒక్కోదానికి నెట్‌మాస్క్ అని కొలత ఉంటదట. అసలు నంబరుకు వాడకట్టంత కొలత ఇయ్యాలె. అదే వాడకట్టుల మిగిలిన నంబర్లకు తమ గడప మందమే — 255.255.255.255. అమరేందర్ అన్నిటికి వాడకట్టు కొలతే ఇచ్చిండు. గట్లైతే ముందుగాల రాసిందే పెద్దది, మిగిలినయి దాని కొంగు వట్టుకొని నిలవడుతయి. దాన్ని తీస్తే అన్నీ పడుతయి. వాడు ముందుగాల రాసింది ఆఫీసు నంబరు కాదు... బిడ్డ పాటది.

నవీన్ కొలతలు సరిజేసి గా నంబరు తీసిండు. నెట్టు ఆగలే. సేటు చెప్పినట్టే సచ్చినోని ఫైళ్లన్నీ తుడిచేసిండు. కిందికొచ్చి, "దెయ్యం లేదు గియ్యం లేదు శ్యామలక్కా, చాయ్ పొయ్యి" అన్నడు.

సగం తాగలే — మల్లిక ఉరికొచ్చింది. సంకల బిడ్డ, చేతుల ఫోను.

"అన్నా... ఆయన పాట నడిమిట్ల ఆగింది. జర చూస్తవా?"

నవీన్ గలాసు కింద పెట్టిండు. "తుడిచేసిన అక్కా... ఇంకెక్కడన్న ఉందా?"

లేదని తల ఊపింది.

బిడ్డ మెట్ల దిక్కు చూసింది. "బాపును కిందికి పిలువమ్మా. ఈడ పాడుతడు."

మల్లిక మెట్టు మీద కూలవడ్డది. బిడ్డ మొకం రెండు చేతులల్ల వట్టుకున్నది. ఇన్నొద్దులు రాని మాట అప్పుడొచ్చింది.

"బాపు లేడు బిడ్డా... ఎప్పుడో సచ్చిపోయిండు."

పిల్ల ఏడ్వలే. తల్లినే చూసుకుంట, మెల్లగ అడిగింది —

"మరి నిన్న పాడిందెవ్వలమ్మా?"