రత్తయ్య ఇంటి పులుసు

“పులుసు కాగిందా?”

“పోపే మిగిలిందండీ.”

కోడ్ సరిపోయింది. బెజవాడ స్టేషన్ ఎదుటి కాఫీ హోటల్లో చీఫ్ గొంతు తగ్గించాడు. అది 1943. మిలిటరీ రైళ్లు నడిపే డ్రైవర్లకు కడుపునొప్పులు వస్తున్నాయి, మణికట్లు వాలిపోతున్నాయి. కారణం సీసం. జపాను ముఠా పనేనని అనుమానం. అది తిండిలోకి ఎలా చేరుతోందో ఏజెంట్ మల్లేశ్వరరావు కనిపెట్టాలి. మారువేషం, ఆహార సర్వే ఆఫీసరు.

డ్రైవర్లు ఏం తింటే అందులో ఒక వంతు తన క్యారియర్‌లో పెట్టించుకుని ల్యాబ్‌కు చేర్చాలి. అక్కడ పరీక్షించేది మిస్ తెరేసా. జార్జెట్ చీర, లిప్‌స్టిక్, చూసినవాడు చూపు తిప్పుకోలేడు. ఆవిడ రిపోర్టు ఎప్పుడూ ఒకటే, “క్లీన్.” అవతల ఇంకో డ్రైవరు మంచం పట్టేవాడు. మల్లేశ్వరరావుకు అన్నం సయించడం మానేసింది.

రోజూ అరుగు మీదే కూర్చునే మనిషి, ఆ మధ్యాహ్నం జల్లు పడడంతో డ్రైవర్ రత్తయ్య వంటింటి గడపదాకా వెళ్లాడు. రత్తయ్య ఇత్తడి గిన్నెలోని నిన్నటి పులుసు కలుపుకుంటున్నాడు. ముద్ద వేళ్లలోంచి జారిపోతోంది. సాయంత్రం మందుగుండు రైలును కృష్ణ వంతెన దాటించాల్సింది ఆ చేతులే. అతని భార్య వెంకటరావమ్మ మాత్రం వెండిగిన్నెలోని వేడివేడి పప్పుతో క్యారియర్ నింపుతోంది.

“ఆ పులుసు పెట్టలేదేమండీ?”

“పైవాళ్లకి నిన్నటి పులుసు పెడతామా అండీ? మీకోసం రోజూ వేరే వండుతున్నాను.”

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది. కృష్ణా జిల్లాలో పుట్టి ఈ మాత్రం తోచనందుకు అతనికి సిగ్గేసింది. పులుపు రాత్రంతా ఊరిన ఆ ఇత్తడి గిన్నె సంగతి అడిగాడు. ఈమధ్యే లోపల కళాయి పూత వేయించారట. బజార్లో తగరం చవగ్గా దొరుకుతోందని కళాయి వేసే అతను చెబితే, డ్రైవర్ల పేటంతా వేయించుకున్నారట.

ఆ పులుసు కొంచెం ల్యాబ్‌కు తెచ్చి వడగట్టి, సీసాన్ని పట్టించే గ్యాస్ అతనే అందులోకి పంపాడు. కుళ్లిన గుడ్ల కంపు కొట్టింది. ట్యూబ్‌లో పులుసు నల్లబడింది. సీసం!

వెనక పిస్టల్ క్లిక్‌మంది. తెరేసా.

“తగరంలో సీసం కలిపింది మావాళ్లే. దొంగ రిపోర్టులు రాయడానికి నన్ను పెట్టారు. ఒక్కటీ రాయనక్కర్లేకపోయింది. మీవాళ్ల మర్యాదే నా పని చేసిపెట్టింది.”

గ్యాస్ గొట్టం ఆవిడ ముఖానికి తిప్పాడు. ఆవిడ దగ్గుతో వంగిపోగానే పిస్టల్ లాక్కుని, ఆవిడను కాపలావాళ్లకు అప్పజెప్పి స్టేషన్‌కు పరుగెత్తాడు.

కదులుతున్న ఇంజనెక్కాడు. వంతెన ముందు ఎర్ర సిగ్నల్. ఉన్నది ఒకటే లైను, ఎదుటి నుంచి పాసింజరు వంతెన మీదికి వచ్చేసింది. రత్తయ్య బ్రేకు మీద చెయ్యి వేశాడు, మణికట్టు వాలిపోయింది. అతని కళ్లలో భయం చూసి మల్లేశ్వరరావు ముందుకు దూకాడు. రెండు చేతులా బ్రేకు లాగాడు. ఇంజను కీచుమంటూ సిగ్నల్ స్తంభం పక్కన ఆగింది.

తగరం అమ్మిన ముఠా దొరికింది. రత్తయ్య చెయ్యి మాత్రం ఇంకా లేవలేదు. వెంకటరావమ్మే ముద్దలు చేసి పెడుతోంది.

“ఆ విషమూ నా చేత్తో నేనే పెట్టానండీ,” అందావిడ.

ఆవిడ మల్లేశ్వరరావుకూ విస్తరేసి, మట్టికుండలోని పులుసు పోసింది. ఈసారి తాము తినేదేనని చెప్పింది. పిస్టల్‌కు బెదరని ఏజెంటు ముందు వాసన చూశాడు. చూసినందుకు సిగ్గుపడి మారు వడ్డించమన్నాడు.