పదకొండో సీటు పిల్ల

ఆ గేమింగ్ సెంటర్‌లో కంప్యూటర్లు పన్నెండు. ఆడే సీట్లు మాత్రం పదకొండే. మూలగా, గోడకి ఆనుకుని ఉన్న పదకొండో నంబర్ సీటు జోలికి ఎవరూ పోరు. తెలీక కొత్తవాడెవడైనా కూర్చుంటే పక్కవాళ్ళు వద్దని కూడా అనరు... ఏమవుతుందో చూద్దామని ఓరకంట చూస్తూ ఉంటారు. మన జనం సంగతి తెలిసిందేగా.

మొదట్లో అంతా బాగానే ఉంటుందట. ఆట ముదిరి, శత్రువులు నాలుగు వైపుల నుంచీ మీద పడే సమయానికి — తెర మీద బొమ్మ ఆగి ఆగి ఈడ్చడం మొదలవుతుంది. గురి పెట్టబోతే ఎవరో మణికట్టు పట్టుకుని ఆపినట్టుంటుంది. బల్ల కింద నుంచి సన్నగా ఊళ... ఆ తర్వాత మోకాలి మీద వెచ్చగా ఎవరిదో ఊపిరి.

అక్కడొక పిల్ల ఉందంటారు. రెండేళ్ళ కిందట పెద్ద పోటీలో, ఇంకాసేపట్లో గెలుస్తారనగా, ఆ సీట్లోనే చెయ్యి ఆగిపోయి జట్టు మొత్తాన్ని ముంచేసిందట. ఆ అవమానంతో ప్రాణం తీసుకుందట. పోయినా సీటు వదల్లేదట. తను గెలవని చోట ఇంకెవర్నీ గెలవనివ్వదట.

ఈ కథంతా ఒకరోజు స్క్రూ బాబాయ్ చెవిన పడింది. ఆ సెంటర్‌లో కంప్యూటర్లన్నీ బిగించింది ఆయనే. చెవి వెనక ఎప్పుడూ స్క్రూడ్రైవర్ ఉంటుందని పిల్లలు ఆ పేరు పెట్టారు. వింటున్న ఆయన చేతిలో టీ గ్లాసు అలాగే ఆగిపోయింది.

ఎందుకంటే ఆ పిల్ల ఆయన కూతురే. పోవడమేమిటి, ఆ పొద్దున్నే హాస్పిటల్ పనికి వెళ్ళేముందు ఆయన చొక్కాకి ఊడిన గుండీ కుట్టి పెట్టింది.

'నా కూతురురా, బతికే ఉంది' అనే మాట నోటిదాకా వచ్చింది. మింగేశాడు. ఓడిపోయిన పిల్లకి నాన్ననని చెప్పుకోవడానికి పోటీ రోజూ నోరు రాలేదు, ఇప్పుడూ రాలేదు.

ఆ రోజు ఓడి లేచాక అమ్మాయి ఆయన దగ్గరికొచ్చి మెల్లగా అడిగింది. "నాన్నా, ఒకసారి అది విప్పి చూడు. నా చెయ్యి కాదు... అదే ఆగిపోతోంది."

చుట్టూ జనం. తను బిగించిన మిషన్‌కి వంకా? ఆయనకి ఎక్కడో కాలింది. స్విచ్చి వేశాడు, మౌసు అటూ ఇటూ కదిపాడు, భేషుగ్గా ఉందన్నాడు. అంతటితో ఊరుకున్నా బాగుండేది. "ఆడలేక మద్దెల ఓడందట వెనకటికొకతె" అని ఒక విసురు కూడా విసిరాడు. అందరూ గొల్లున నవ్వారు. అమ్మాయి కూడా కొంచెం నవ్వింది. మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

దెయ్యం కథ విన్న వారానికి సెంటర్ ఓనరు పిలిచాడు.

"బాబాయ్, ఆ మూల సీటు సంగతేదో తేల్చు. పగలు జనం ఉంటారు, రాత్రి మూసేశాక చూడు. నేను మాత్రం ఉండను... నాకసలే గుండె దడ."

తాళాలు చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు.

రాత్రి పన్నెండు దాటింది. స్క్రూ బాబాయ్ ఒక్కడే ఆ మూల కూర్చున్నాడు. మిషన్లో దుమ్ముంటుంది గానీ దెయ్యాలుండవని పది మందికి చెప్పే మనిషి. అయినా బల్ల కింద ఒకసారి తొంగి చూశాడు. స్విచ్చి వేశాడు. అదే ఆట తెరిచాడు. ఆడేవాళ్ళ పేరు దగ్గర... ఎవరూ చెరపని రెండేళ్ళ నాటి పేరు అలాగే ఉంది. 'మెరుపు'. ఆటలో కూతురు పెట్టుకున్న పేరు.



ఆడటం మొదలుపెట్టాడు. ఏ తేడా లేదు. ఇంకాసేపు... లేదు. శత్రువులు గుంపుగా దిగారు. అప్పుడు —

బొమ్మ ఈడ్చింది. చెయ్యి కదిపితే తెర మీద ఆలస్యంగా కదిలింది. కాలి పక్కన ఊళ మొదలైంది. సన్నగా... పెద్దగా... ఇంకా పెద్దగా. మోకాలికి వెచ్చటి ఊపిరి తగిలింది.

"అమ్మా..." అన్నాడు గొణుగుతున్నట్టు. "నువ్వేనా?"

కూతురు ఇంట్లో ఉందని తెలుసు. తెలిసీ అడిగాడు. 

కాసేపటికి ముప్పై ఏళ్ళ పని అలవాటు భయాన్ని పక్కకి నెట్టింది. వంగి బల్ల కింది కంప్యూటర్ డబ్బా మీద చెయ్యి వేశాడు. కాలుతోంది. ఆపేసి, పక్క మూత ఊడదీసి, దాని లోపలివైపు చూశాడు.

ప్రాసెసర్ నెత్తిన దాని వేడి లాగేసే కూలర్ ఒకటి కూర్చుంటుంది. కొత్త కూలర్ అడుగున పల్చటి ప్లాస్టిక్ పొర ఉంటుంది. అది ఒలిచాకే బిగించాలి, లేకపోతే వేడి కూలర్‌కి ఎక్కదు. ఒలిచిన పొరని మూత లోపల సాక్ష్యంగా అంటించడం స్క్రూ బాబాయ్ అలవాటు. తక్కిన పదకొండు మూతలకీ ఉంది. దీనికి లేదు.

కూలర్ విప్పాడు. పొర అక్కడే ఉంది, గోధుమరంగుకి తిరిగి.

మామూలు పనికైతే ఎలాగో నెట్టుకొస్తుంది. ఆట ముదిరి పని పెరిగితే ప్రాసెసర్ కాగిపోతుంది, మాడిపోకుండా ఉండటానికి తన వేగం తనే తగ్గించుకుంటుంది. బొమ్మ ఈడ్చేది అందుకే. ఫ్యాను గొంతు చించుకుని, డబ్బాలో వేడంతా మోకాలి మీదకి ఊదుతుంది. దెయ్యమంటే ఇంతే. రెండేళ్ళ కిందట విప్పి చూసుంటే ఐదు నిమిషాల పని.

పొర ఒలిచి, తుడిచి, వేడి అందించే పేస్టు రాసి, మళ్ళీ బిగించాడు. ఆట ఆడించాడు. గుంపులు గుంపులుగా దిగినా మిషన్ చెక్కు చెదరలేదు. ఇక ఆ పొరని చెత్తబుట్టలో పడేసి వెళ్ళిపోతే సరి. అడిగేవాడు లేడు. దెయ్యాన్ని వదిలించాడని పైగా పేరొస్తుంది. బుట్ట దగ్గర తేలు కుట్టిన దొంగలా చాలాసేపు నిలబడ్డాడు. చివరికి పొర జేబులో పెట్టుకుని ఇంటికి నడిచాడు.

వంటింట్లో లైటు వెలుగుతోంది. మంచినీళ్ళకి లేచినట్టుంది అమ్మాయి. ఆ పొర తీసి బల్ల మీద పెట్టాడు.

"ఏంటి నాన్నా ఇది?"

"నువ్వాడిన మిషన్లోది. బిగించేటప్పుడు ఒలవడం మర్చిపోయాను. ఆ రోజు ఆగిపోయింది మిషనే. విప్పి చూడమన్నావు... నేను నలుగురినీ నవ్వించాను. తప్పు నాది తల్లీ. రేపు అందరి ముందూ చెప్తాను."

ఆమె కోప్పడలేదు. పొర తీసి లైటుకి అడ్డం పెట్టి చూసింది.

"అయితే... నా చెయ్యి ఆగిపోలేదా?"

"లేదమ్మా."

కుడిచెయ్యి లైటు కింద చాపి, వేళ్ళు విప్పి, అరచేయి తిప్పి చూసుకుంది. 

"హాస్పిటల్లో వార్డు పని మానేసి రికార్డు రూముకి మార్పించుకున్నాను గుర్తుందా? ఎందుకని నువ్వడిగితే నడుం నొప్పన్నాను."

ఆయన తలూపాడు.

"సరిగ్గా అవసరమైన క్షణంలో ఆగిపోయే చెయ్యి కదా, ఎవరి ప్రాణం మీదకైనా తెస్తుందని భయం వేసింది. నర్సునై ఉండి... రెండేళ్ళుగా ఒక్కరికి కూడా సూది వెయ్యలేదు నాన్నా."