కాకి మీద పెట్టిన మాట

"ఇంగ నీ కూతుర్ని బడికి పంపినట్లే వదినా! వీధంతా అదే మాట!"

ఆడబిడ్డ కొండమ్మ గడప దాటుతూనే వేసిన కేకకు ఉమామహేశ్వరమ్మ చేతిలోని జొన్నపిండి ముద్ద జారి పళ్లెంలో పడింది.

"ఏమైంది కొండమ్మా?"

"ఏముందీ! ఆ రాజరత్నం టీచరమ్మ నాలుగో ఫారం ఆడపిల్లల్ని కూచోబెట్టి, బోర్డు మీద బొమ్మ గీసి, బిడ్డ యాడ పెరుగుతాదో, యెట్ల పుడతాదో చెప్పిందంట! మన చెంచులక్ష్మి మొగం కప్పుకోని యేడుస్తా బయటికి పరిగెత్తిందంట. మనమంతా బొమ్మలు చూసే కన్నామా బిడ్డల్ని?"

ఉమామహేశ్వరమ్మ లోపలి గదివైపు చూసింది. నిజమే... నిన్న బడి నుంచి వచ్చినప్పటి నుంచీ పిల్ల లోపలి గదిలో గోడవైపు తిరిగి పడుకుంది. మెతుకు ముట్టలేదు. ఆళ్లగడ్డకు కోడలుగా పంపిన పెద్దకూతురు ఓబుళమ్మను పోగొట్టుకుని రెండేళ్లయినా ఆ కన్నీళ్లు ఇంకా ఆరనేలేదు. పద్దెనిమిదేళ్ల పిల్ల! ఏ గాలి సోకిందోనన్నారు. కర్మనాడు పెట్టిన పిండాన్ని సాయంత్రం దాకా కాకి ముట్టలేదు. పిల్లకేదో కోరిక మిగిలిపోయిందన్నారు పెద్దలు. ఆ కోరికేమిటో తెలియక రెండేళ్లుగా కుమిలిపోతున్న ఆ తల్లికి, ఉన్న ఒక్క బిడ్డకూ ఇప్పుడు మనసు చెడిందంటే ఎలా ఉంటుంది!

పత్తి మిల్లు నుంచి మధ్యాహ్నం భోజనానికి వచ్చిన పుల్లయ్య చెల్లెలి మాటలు విని పీట మీది నుంచి లేచాడు.

"రేపట్నుంచి బడీ లేదు, గిడీ లేదు! మన ఓబుళమ్మ యే బడికి పోయింది? యెంత అణకువగా ఉండె! యెప్పుడన్నా తలెత్తి ఒక్క మాట అడిగిందా?"

"లేదు... అడగలేదు" అంది ఉమామహేశ్వరమ్మ కళ్లొత్తుకుంటూ. మజ్జిగ గిన్నె అక్కడే పెట్టి కూతురి దగ్గరికి వెళ్లింది.

"ఏమే తల్లీ, ఆయమ్మ యేం చెడ్డమాటలు చెప్పింది నీకు? యెందుకిట్ల యేడుస్తాండావ్?"

చెంచులక్ష్మి దిగ్గున లేచి కూర్చుంది. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"చెడ్డమాట ఒక్కటీ చెప్పలేదమ్మా! నిన్నటిదాకా నా ఒళ్లంటే నాకే అసయ్యం. అది రోత గాదు, బిడ్డకు ఇల్లు అని చెప్పింది. నెల తప్పితే కడుపేమో అనుకోవల్లంట. కడుపుతో ఉండంగా రక్తం కనిపిస్తే దాపెట్టుకోగూడదంట, బిరీన ఆసుపత్రికి పోవల్లంట. అది విన్న్యాక... అక్క..."

"అక్కేంది?"

"ఆఖరుసారి వచ్చినప్పుడు అక్క నాతో చెప్పింది. 'మూడు నెల్లాయెనే, కాకి నన్ను మర్చిపాయె' అని నవ్వింది. అమ్మతో చెప్పక్కా అంటి. 'ఆ మాట నోట రాగూడదని అమ్మే అనె గదే' అని నాతో ఒట్టేయించుకునింది. నాకేం తెల్సమ్మా! ఒట్టు తప్పగూడదనుకుంటి. నేను చెప్పింటే అక్క బతుకుతాండె గదా!"

ఓబుళమ్మ ఆఖరి రోజులు ఉమామహేశ్వరమ్మకు ఇప్పుడు అర్థమయ్యాయి.

అత్త లేని ఇల్లది. మామా, మగడూ తప్ప అడిగేవాళ్లెవరున్నారు? నంద్యాలలోని పుట్టింటి నుంచి తిరిగి వెళ్లిన పది రోజులకు రక్తం కనిపిస్తే ఓబుళమ్మ అది నెలసరేననుకుని, ఎప్పటిలాగే కాకి ముట్టిందని చెప్పి పెరటి కొట్టంలో కూర్చుంది. కడుపు మెలిపెడుతుంటే పళ్లు బిగబట్టింది. ముట్టులో ఉన్న మనిషిని ఎవరూ తాకలేదు. అన్నం దూరం నుంచే తోశారు. అయిదో రోజు స్పృహ తప్పాక బస్సెక్కించి నంద్యాలకు తెస్తుంటే, దారిలో శిరివెళ్ల దాటకముందే...

అంతకుముందెప్పుడో, ఈడేరిన రోజు ఓబుళమ్మ బెదురు కళ్లతో అడిగిన మాట తల్లి చెవుల్లో గింగురుమంది. "ఏ కాకి అమ్మా? నేను కాకిని చూడనే లేదే!" అప్పుడు తను ఆ పసి నోటి మీద అరచెయ్యి అదిమిపెట్టింది! "కాకి ముట్టిందను, అంతే. ఇంగోమాట అనగూడదు." అమ్మ తనకు నేర్పింది అదే. తను బిడ్డకు సిగ్గు నేర్పుతున్నాననుకుంది. అయ్యో... అడగలేదని ఇందాక తనే అందే!

"నీ తప్పు గాదు బంగారూ!" అని చెంచులక్ష్మిని గుండెలకు హత్తుకుంది. "దాని నోరు మూసింది నేను... ఈ చేత్తోనే!"

గుమ్మం దగ్గర పుల్లయ్య తలుపు పట్టుకుని నిలబడిపోయాడు. వెనక కొండమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. పుల్లయ్య మెల్లగా అన్నాడు. "రేపు... నువ్వే తోడుపోయి బడిలో ఇడిసిరా."

మర్నాడు తల్లిని చూసి పోట్లాటకు వచ్చిందనుకుంది రాజరత్నం టీచరమ్మ. చేతిలోని సుద్దముక్క కింద పెట్టి, "నేను తప్పేమీ చెప్పలేదమ్మా" అంది.

"తెలుసు తల్లీ. ఇంగోసారి చెప్తావా? నేనూ కూచుంటా. ఇద్దరు బిడ్డల్ని కన్న్యా, నాకూ తెలీదు."

ఓబుళమ్మ పోయిన తిథి వచ్చింది. పిల్లకు ఇష్టమైన ఓళిగలు చేసి, ఆకులో అన్నంతో పాటు పెరటి గోడ మీద పెట్టింది ఉమామహేశ్వరమ్మ. పక్కన చెంచులక్ష్మి పుస్తకాల సంచితో నిలబడి ఉంది.

"ఈసారన్నా కాకి ముడతాదో లేదో వదినా..." అంది కొండమ్మ ఆకాశం వైపు చూస్తూ.

ఉమామహేశ్వరమ్మ ఆకాశం వైపు చూడలేదు. ఇక ఎవరి నోరూ మూయని చేతులు రెండూ జోడించి, చిన్నకూతురు వింటుండగానే పెద్దకూతురికి జవాబు చెప్పింది.

"ఏ కాకీ గాదమ్మా... నిన్ను యే కాకీ ముట్టలేదు. నువ్వు అడిగిననాడే చెప్పాల్సింది నేను..."