రెండువందల ఏళ్ళనాటి సవతి

"ఏడాదిపాటు ఇటలీలో ఉంటాను, సుధా. పుస్తకం అక్కడే పూర్తి చెయ్యాలి," అని విశ్వనాథం పప్పన్నం కలుపుకుంటూ చెప్పేశాడు. వడ్డిస్తున్న సుధామణి చేతిలోంచి గరిటె జారిపోయింది. నువ్వూ రా అనలేదు. పోనీ, ఒక్కదానివీ ఎలా ఉంటావనైనా అడగలేదు...

యూనివర్సిటీలో చిత్రకళ పాఠాలు చెప్పి రిటైరయిన భర్త ఇకనైనా తన మనిషి అవుతాడని ఆమె ఎంత ఆశపడింది! సాయంత్రాలు కలిసి తాముండే క్లెమెంటి వీధుల్లో నడవాలనీ, లిటిల్ ఇండియా బజారులో చెరో సంచీ పట్టుకుని కూరగాయలు ఏరుకోవాలనీ... అంతకుమించి ఏం కోరింది గనక! కానీ ఆయన మనసంతా ఎప్పుడో పోయిన ఫాబ్రీసియో దగ్గరే ఉంది. రెండువందల ఏళ్ళ కిందట, కాల్పనికోద్యమం రోజుల్లో ఊరూరా తిరిగి చర్చి గోడల మీద దేవదూతల్ని చిత్రించిన ఇటలీ మనిషి; ఆయన రాసే పుస్తకం అతని గురించే. మగవాడైతేనేం, సుధామణికి అతనే సవతి. నిజం సవతినైతే జుట్టు పట్టుకుని అడగొచ్చు, ఇతనితో ఆ వీలు కూడా లేదు.

అదే ఊళ్ళో సెరంగూన్ పేటలో ఉండే కూతురు రజితకు ఫోన్ చేస్తే, "లెట్ హిమ్ గో లా, అమ్మా. నువ్వు మా ఇంటికి వచ్చెయ్," అని అక్కడి యాసలో అంది. పిల్ల మంచి మనసుతోనే అంది. సుధామణికి మాత్రం దుఃఖం ఆగలేదు.

కళ్ళు తుడుచుకుని ఆయన గదిలోకి కాఫీ తీసుకెళ్ళింది. కంప్యూటర్ తెర మీద ఒక గోడ బొమ్మ. ఆడమనిషి రూపం, ముఖం ఉండాల్సిన చోట ఉత్త సున్నం.

"ఈవిడెవరండీ?"

"తెరేసా. ఫాబ్రీసియో భార్య."

ఎన్నడూ అడగని మనిషి అడిగేసరికి ఆయన ఉత్సాహంగా చెప్పుకుపోయాడు. తడి సున్నం మీద వేసిన రంగే గోడలో కలిసిపోతుందట. పొద్దున పూసినంత మేర ఆరేలోగా బొమ్మ ముగించాలట. ఫాబ్రీసియో వందల ముఖాలు అలాగే వేశాడు. భార్య పోయాక మాత్రం, ఆమె ముఖానికి ఒక్కరోజు చాలదని, ఆరిన గోడ మీద నెలల తరబడి దిద్దుతూ కూర్చున్నాడు. అతను బతికుండగానే ఆ రంగంతా పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది.

"ఆవిడ ఉన్నన్నాళ్ళూ ఎందుకు వెయ్యలేదండీ?" సుధామణి కాఫీ కప్పు బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడూ ఇంట్లోనే ఉంటుంది కదా, తర్వాత వేద్దామని..."

విశ్వనాథం అక్కడే ఆగిపోయాడు. ఆమె కళ్ళు ఎర్రబడి ఉన్నాయని అప్పుడు చూశాడు. కంప్యూటర్ మూసేసి, ఆమెను కిటికీ దగ్గర వెలుతురులో కూర్చోబెట్టి, ఎదురుగా కుర్చీ జరుపుకున్నాడు. ఆ చూపు కోసమే కదా ఇన్నేళ్ళూ కాచుకుంది! తీరా అది తన మీద పడేసరికి ఎటు చూడాలో ఆమెకు తెలియలేదు.

చాలాసేపటికి ఆయన వేలితో ఆమె కనుబొమ్మను తాకాడు.

"ఈ గాటు ఎప్పుడు పడింది, సుధా?"

ఆమె ఏడుస్తూనే నవ్వింది.

"పెళ్ళిచూపులనాటికే ఉందండీ."